అరగని ఉలి

మాధవమాలలో నాకొక్కదానికే ఉలిపని రాదు.
రాదంటే, ఎవరూ నేర్పలేదు.
కాపురానికొచ్చిన రెండోవారం
మా మామ చెంగల్రాయాచారి
పాతగోతంలో చుట్టిన పదకొండు ఉలులు నా ముందు పెట్టి
"సాన పట్టమ్మా, చేతికి తెలుస్తుంది" అన్నాడు.
అంతే. ఇరవైమూడేళ్ళు.

రాయి స్వర్ణముఖిలో దొరికింది కాదు,
అందరూ అట్లే అనుకుంటారు.
కాళాస్తిలో కత్తులు సానబట్టే సాయిబు అంగడి ఎత్తేస్తుంటే
నలభై రూపాయలకు బేరమాడి తెచ్చింది.
నడుమ గుంటపడి తాళింపు గరిటె మాదిరి ఉండేది.
మొదటి నెలంతా ఉలి ముట్టలేదు నేను.
గచ్చుమీద ఏటి ఇసక పోసి, నీళ్ళు చిలకరించి
రాయినే అరగదీసినా.
వంకర రాతిమీద నిటారు పదును రాదు.
ఇది సామెత కాదు, నా భుజాల నొప్పి.

నీళ్ళు చాలు, నూనె వొద్దు.
ఉలి ఏటవాలు చెంప రాతికి రెండుచోట్ల ఆనాల,
మడమ, మొన.
ముందుకు నెట్టేటప్పుడు బలం,
వెనక్కి ఊరక రావడం.
నీళ్ళు నల్లబడతాయి. చప్పుడు మారుతుంది.
మొదట గరగర, తరవాత సర్రు సర్రు,
చివరాఖర్న ఎవరో దూరంగా బియ్యం కడిగినట్టు.
అప్పుడు అంచుకు అటువైపు
వెంట్రుకంత ఇనుము మడత లేస్తుంది.
కంటికి కనపడదు, బొటనవేలికి తగులుతుంది.
తోలుపట్టీమీద దాన్ని తుడిచేస్తే పదును,
తుడవకుంటే మోసం.

గోరుఉలికి ఇంకో లెక్క.
నిద్రలో పక్కకు దొర్లినట్టు మణికట్టు దొర్లాల.
ఒకేతావ నిలిస్తే మూల పోతుంది.

మనుషులు నాకు ఉలి అంచునుంచే తెలుసు.
మరిది గురవాచారి ఉలి కుడిమూల ఎప్పుడూ చిట్లి వస్తుంది,
కోపమొస్తే చెక్కలో గుచ్చి మెలితిప్పుతాడు.
మా ఆయనది నడుమ మాత్రమే అరుగుతుంది,
భయస్తుడు, మూలల జోలికి పోడు.
మామ ఉలి
ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకేమాదిరి మొద్దుబారి వచ్చేది,
మెతుకు మిగల్చకుండా తిన్న విస్తరాకు లాగా.

ఒకసారి గురవాచారి తిరుపతినుంచి కరెంటు సానచక్రం తెచ్చినాడు.
నిప్పులు చిచ్చుబుడ్డిలా లేచినాయి.
పిల్లకాయలు చప్పట్లు.
ఉలిమొన నెమలిమెడ రంగు తిరిగింది.
మామ ఏమీ అనలేదు.
మరునాడు అది వేపచెక్కలో వొంగిపోతే
పెరట్లో ముల్లంగి తవ్వుకోమని నాకిచ్చేసినాడు.

పోయిన మాఘంలో
మామ ముక్కాలంగుళం ఉలి నా కాడికొచ్చింది.
వేలు ఆనించినా.
నేను పెట్టిన పదును పెట్టినట్టే ఉంది.
మూడ్రోజులు పని చేసిన ఉలి కదా ఇది?
ఎండలోకి తీసకపోయి మళ్ళీ చూసినా.
అంచున ఒక్క తెల్లగీత లేదు.

వసారాలో కూర్చోనున్నాడు, కొడతి ఒళ్ళో.
ఎదురుగా సగం చెక్కిన గుర్రం
జూలు దాకా వచ్చి ఆగింది.
కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకోనున్నాడు,
అది ఇంకెవరిదో అయినట్టు.
గూడూరు ప్యాసింజరు కూతపెట్టి పోయింది.
ఏమని అడగను?

రాయి తడిపినా.
పదునున్న ఉలికే పదును పెట్టినా,
ఇంట్లో అందరికీ వినపడేటట్టు
గరుకువైపునుంచి మొదలుపెట్టి.
ఆ నెల్లో నాలుగుసార్లు.
అబద్ధానికి కూడా ఇనుము అరుగుతుంది.

ఐదోసారి ఉలి గోతంలో రాలేదు. ఆయనే తెచ్చినాడు.
"పొట్టిదైపోతాండాదమ్మా" అన్నాడు
మొనకేసి చూస్తా.
"రాతిమీద అరగదీసింది చాలు.
చెక్కమీద అరగదీ."
గుర్రంకేసి గడ్డం ఎత్తినాడు.

చేతికి తెలుస్తుందన్నాడు కదా.
జూలులో మొదటిపాయ వంకరొచ్చింది.
రెండోది కూడా.
పొద్దుగూకి సానకు కూర్చుని
అంచును దీపానికి ఎదురు పెట్టి చూసినా.
ఎడమమూల కొంచెం చిట్లింది.

నాకూ కోపం ఉన్నట్టుంది,
ఇన్నేళ్ళది.