నూట పదిహేడో గొట్టం

నూనె నీళ్లలో కలవదు.
ఈ ముక్కకి పీహెచ్‌డీ అక్కర్లేదు,
సింకులో నానుతున్న పోపు గిన్నె చాలు.
కలవనిదాన్ని నెత్తురెలా మోస్తుంది
అన్న దగ్గర మాత్రం
తార్నాకలో నాకు ఆరేళ్లు గడిచాయి.

మోయడానికి ఎవరో ఒకరుంటారు గదా, అలాగే.
లోపల కొవ్వు మూట,
చుట్టూ ప్రోటీన్ నడికట్టు,
ఏ వాకిట్లో దించాలో దాని మీదే రాసి ఉంటుంది.
మిల్లీమీటరుని నలభై వేల ముక్కలు చేస్తే
అందులో ఒక్కటి, ఆ హమాలీ.

అసలు హమాలీలే కావాలన్నారు వనజాక్షి మేడమ్.
బేగంబజార్ నూనె గోదాముల నుంచి
పద్నాలుగు మంది, పరగడుపున,
మా మెట్ల మీద వరసగా కూర్చున్నారు.
బీడీ కూడా వద్దన్నామని ఒకాయన అలిగాడు.
పెంటయ్య నూట పదిహేడు.
సూది దిగుతుంటే చూపు తిప్పుకోలేదు.
"పదిహేను కిలోల డబ్బాలు మోసేటోన్ని బిడ్డా,
గింత సీసకు భయపడ్తనా?"

ఆ రాత్రి రోటర్ తిరిగింది,
నిమిషానికి నలభై వేల చుట్లు,
ఉప్పునీళ్ల మెట్ల మీద
ఎవరి బరువుకు తగ్గ మెట్టు మీద వాళ్లు నిలబడేదాకా.
ఒంటిగంటకు కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునేలోపు
నాకు నా గుండె చప్పుడే వినిపించింది.

తెల్లారి గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టాను.
పైన మీగడ లేదు,
మనిషి నిజంగానే ఏమీ తినలేదు.
కింద నారింజ పట్టీ,
అందరూ చెడ్డ కొవ్వు అనేది.
ఆ పేరంటే నాకు కోపం.
కణం గోడకు మెత్తడం, పైత్యరసం, ఎముకకి ఎండ,
అన్నీ ఆ సరుకుతోనే.
దించుకోవాల్సిన ఇల్లు తలుపు తియ్యకపోతే
వీధులన్నీ తిరిగి తిరిగి
ఏదో గోడ సందులో ఇరుక్కుని కుళ్లుతుంది,
కేసు మోసినవాడి మీదే రాస్తాం.
అడుగున లేత పసుపు పట్టీ,
మిగిలింది ఎత్తుకుని కాలేయానికి చేర్చేవాళ్లు.

ఆ రెంటి నడుమ
సన్నగా ఒక తెల్లగీత.

దీనికి తోకుంటుంది.
తోక నిండా చుట్టలు.
ఆ చుట్టలకి ఎక్కడిదో ఒక తీపి రొట్టె పేరు పెట్టారు,
నేనైతే జిలేబీ అనుకుంటాను.
చుట్టలు తగ్గేకొద్దీ నెత్తురులో లెక్క పెరుగుతుంది.
ఎన్ని చుట్టలో తేల్చేది అమ్మా నాన్నా,
పుట్టకముందే.
నడిచినా తగ్గదు, నెయ్యి మానినా తగ్గదు.
రెండు వందల పన్నెండు.
నమ్మక మళ్లీ చేశాను. రెండు వందల పద్నాలుగు.

ఫారంలో తొమ్మిదో ప్రశ్న:
ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు?
"మా నాయనకు. నలభై నాలుగేండ్లు.
గోదాం మెట్ల మీద, నెత్తి మీద నెయ్యి డబ్బాతోని కూలబడ్డడు.
మెట్లన్ని నెయ్యి.
లేపనీకొచ్చినోళ్లు గూడ జారి పడ్డరు.
డబ్బా పైసలు సేటు కటాయించిండు,
మా అన్న కూలిల."

'ఔను' గడిలో టిక్కు పెట్టాను.
డబ్బా పైసలకు గడి లేదు.

"అయితే నేను తిన్నది కాదన్నట్టు."
కాదు.
"మోసింది."
బీడీ మానమన్నాను, బీపీ చూపించుకోమన్నాను,
దించగలిగిన బరువులు దించుకుందామన్నాను.
దీనికి మందు ఇంకా పరీక్షల్లో ఉందని
ఎందుకో గొంతు తగ్గించి చెప్పాను.
ఆయన నా వేళ్ల మధ్య గొట్టాన్నే చూస్తున్నాడు,
తన నెత్తురులోంచి తీసిన
ఆ గీతని,
చెత్తబజార్‌లో అద్దాలు పెట్టుకుని చూసినట్టు, కళ్లు చిట్లించి.

"నా పోరగాడు బండి మీద పార్సిళ్లు మోస్తడు,
ఉప్పల్ దిక్కు. వాన్నిగూడ తీస్కరానా?"
తీసుకురమ్మన్నాను.
"పొద్దుగాల, ఏం తినకుండ."

లేదు పెంటయ్యా,
తినిపించే తీసుకురా.
ఈ ఒక్క పరీక్షకి ఆకలి అక్కర్లేదు.