మసి కడగొద్దు

మ్యూజియం నుంచి వచ్చారు కదా,
కూర్చోండి. ఆ బల్ల మీద కాదు, దానికో కాలు లేదు.
నోయెంజార్ గురించి నాకు తెలిసింది తక్కువే.
పదకొండేళ్లు ఆమెకు ప్లాస్టరు కలిపాను,
ఉలులు సానపట్టాను,
తిట్లు తిన్నాను.

వాళ్ల నాన్న సెద్రాక్ సమాధిరాళ్లు చెక్కేవాడు.
గులాబిరంగు టఫ్ రాయి మీద శిలువ,
శిలువ చుట్టూ ద్రాక్షతీగ,
వేలు దూరే సందు వదలని అల్లిక.
కూతురికి ఏడేళ్లప్పుడు చెప్పాడట:
ఖాళీ వదిలితే చావు వచ్చి కూర్చుంటుంది, నింపెయ్.
ఆమె బతుకంతా ఆ ఖాళీనే చెక్కింది.

రాయిలో బొమ్మ దాగుంటుంది, శిల్పి దాన్ని విడిపిస్తాడు
అన్నాడోసారి మా షెడ్డులో ఒక కుర్ర విద్యార్థి.
ఆమె నోట్లో సిగరెట్టు తీసి,
"రాయిలో రాయే ఉంటుంది, నాయనా.
బొమ్మ కావాలంటే నీ ఒళ్లు అరగాలి" అంది.
అప్పటికే కుడిచేతి చిటికెనవేలు వంగదు.
ఊపిరి తీస్తే లోపల జల్లెడ పట్టిన చప్పుడు.

ఇక ఆ రాయి సంగతి.
గ్యుమ్రి బట్టలమిల్లు ముందు శ్రామిక స్త్రీ విగ్రహం కావాలన్నారు.
నాలుగు మీటర్లు, చేతిలో కండె, చూపు రేపటి వైపు.
కాగితంలో అలాగే రాశారు: చూపు రేపటి వైపు.
రెండు చలికాలాలు తలుపు వేసుకుని చెక్కింది.
ముసుగు లాగిన తాడు నా చేతిలోనే ఉంది.
నడుముదాకా వంగిన ఒక వీపు.
అంతే.
వీపు వంపు కిందికి జారి, భుజాలై,
నేల దగ్గర ఒక గుండ్రటి తొర్ర.
తొనీర్ పొయ్యిలోకి వంగి రొట్టె అతికించే మనిషని
మా అమ్మ అయితే వీధి చివరినుంచే పోల్చేది.

కమిటీ చుట్టూ తిరిగింది. ఇంకోసారి తిరిగింది.
"ముఖం ఎక్కడ?"
"పొయ్యిలో."
"కళ్లు?"
"పొగకి మూసుకుంది."
ఒకాయన దగ్గాడు. ఒకాయన టోపీ పెట్టుకున్నాడు.
ఆ సాయంత్రమే ట్రాక్టరు కట్టి
మిల్లు వెనక బొగ్గుకుప్ప పక్కకి ఈడ్చేశారు.
సగం డబ్బులే ఇచ్చారు, అవీ ప్లాస్టరు బాకీకి పోయాయి.

ముప్పై ఏళ్లు.
పిల్లలకది జారుడుబండ.
కాపలావాడు సెరోబ్ తొర్రలో కుక్కపిల్లల్ని పెంచాడు.
నోయెంజార్ అప్పుడప్పుడూ వెళ్లి
గుర్రాన్ని తట్టినట్టు ఆ వీపు తట్టి వచ్చేది.
ఎక్కడో దూరాన ఒక పుస్తకంలో వేశారట,
ఈ నేల మీద మొదటి ఆధునిక శిల్పి అని.
ఆ పేజీ చూపిస్తే, తన పేరులో అక్షరం తప్పు దిద్ది,
అందులోనే జున్ను చుట్టింది.

తర్వాత ఆ డిసెంబరు. పదకొండూ నలభై ఒకటి.
దాని గురించి నేను చెప్పను.
రాత్రికి మంచు మొదలైంది.
మిల్లు వెనక మిగిలినవాళ్లం నలభైమందిమి,
గాలికి అడ్డంగా ఆ వీపొక్కటే.
ఎవరో కిటికీచట్రాలు విరిచి తొర్రలో వేశారు.
రాజుకుంది.
కాగిన రాతికి పిండి అతికించింది ఒకావిడ,
నేనెరగని మనిషి, ఒక కాలికే చెప్పు,
నడుముదాకా వంగి.

నోయెంజార్‌కి అప్పుడు డెబ్బై తొమ్మిది.
దుప్పటి కప్పుకుని అందరితోపాటు వరసలో నిలబడింది.
రొట్టె అందుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.
నా వైపు తిరిగి మాత్రం,
"ఎడమ భుజం ఇంకో వేలెడు దించాల్సింది నేను.
చూడు, ఆవిడది ఎలా జారిందో" అంది.

మీ కాగితం చదివాను:
శుభ్రపరిచి, పీఠం మీద నిలిపి, దీపాలు అమర్చి.
అలాగే కానివ్వండి. క్రేను నేనే మాట్లాడతాను.
లోపలి మసి మాత్రం కడగొద్దు.
బకెట్టు పట్టుకున్న ఆ అమ్మాయికి చెప్పండి.
కుడిపక్కన, మోచేతిదాకా పెడితే తగులుతుంది,
మాడిన పిండిపెచ్చు ఒకటి
ఇంకా అంటుకునే ఉంది.