పదిహేనో నిమిషం

ఫహాహీల్. పొద్దున్న ఏడు.
బేరియం తాగిన ఈజిప్టు డ్రైవరు
పైపెదవి మీద సున్నపు మీసంతో వెళ్ళిపోయాడు,
తుడుచుకోమందామనుకునేలోపే.
తర్వాతి కాగితం మీద పేరు: లింబాద్రి.
నా అరబ్బీని బల్ల మీద పెట్టేశాను.

"రాత్రి నుంచీ నీళ్ళు ముట్టలేదు కదా?"
"గదేమన్న కష్టమా మేడం."

రంగుమందు ఎక్కిస్తూ అందరికీ చెప్పేదే చెప్పాను:
ఒళ్ళంతా వేడి పాకుతుంది,
నాలుక మీద ఇనుము తగులుతుంది, భయపడకు.
"బోల్టులు నోట్ల వెట్టుకొని ఎక్కుత నేను," అన్నాడు.

ఐదో నిమిషం.
ఎడమవైపు మూడు చిన్న దోసిళ్ళు నిండాయి,
నిండి, ఒక దారంగా కిందికి జారాయి.
కుడివైపు ఇంకా తెల్లారలేదు.

ఊపిరి వదిలేసి ఆగు, అన్నాను.
ఆగాడు.
ఫొటో అయిపోయినా ఆగే ఉన్నాడు,
నేను చెప్పిందాకా.

మధ్యలో ఖాళీ నిమిషాలుంటాయి, మాటలకు అవే.
చమురు ట్యాంకు చుట్టూ పరంజా కడతాడట.
ఒంటికి దిగి ఎక్కితే అరగంట కోత.
అందుకే సీసా కిందే పెట్టి పోతాడట.
"తాగితే గదా దిగేది!"
తెలివైన పని చేసినవాడిలా నవ్వాడు.

పదిహేనో నిమిషం.
కుడివైపు ఇప్పుడు వచ్చింది, బూడిద రంగులో, ఉబ్బి,
దాని దారం నడుమెముక దాటి
కందిగింజంత నీడ దగ్గర
నిలబడిపోయింది.

నేను చెప్పకూడదు. చెప్పాల్సింది డాక్టరు.
తెర ఇటు తిప్పి ఉండటం మాత్రం నా తప్పే.
లేచి కూర్చుని చాలాసేపు చూశాడు.

"మా నాయిన నీరడి మేడం.
తూముల రాయి వడ్డదంటే
నడిజాముల లాంతరు వట్టుకొని దిగేటోడు.
ఎన్కమడి మునుగుతది, ముంగటమడి నెర్రెలు వాస్తది.
గిట్లనే ఉంటది."

సాయంత్రం రిపోర్టు నాలుగు వరుసలొచ్చింది.
అందులో మిల్లీమీటర్లున్నాయి.

కానీ అప్పటికింకా ఆఖరి ఫొటో మిగిలుంది,
ఖాళీ చేసి వచ్చాక తీసేది.
బాత్రూము చూపించాను.
తలుపు దగ్గర ఆగి,
"ఎంతసేపు వోవచ్చు మేడం?"

గడియారం వైపు చూడకుండా
నీ ఇష్టం, అన్నాను.
బయట బెంచీ మీద ఇంకా నలుగురున్నారు.