పొగ వాలిన వైపు

పోయే ముందు తల్లి మామిడి చెట్టును పంచింది:
ఈశాన్యపు కొమ్మలు సలూద్‌కి,
నైరుతివి తమ్ముడు క్రిస్పులోకి.
మొదలు ఎవరిదో చెప్పలేదు.
ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

గిమరాస్ దీవి మీద వానలు వెనక్కి తగ్గాక
సలూద్ ఒక ఆకు తెంపి గుప్పిట్లో నలిపింది.
జూన్‌లో రాగిరేకులా వేలాడిన ఆకే,
ఇప్పుడు అప్పడంలా ఫెళ్ళుమంది.
"ముదిరింది. ఇక లేపొచ్చు."

పక్క తోటల్లో మందు కొడతారు.
మోటారు రొద, తెల్లటి తుంపర, పదిరోజుల్లో మొగ్గ.
ఆవిడ మాత్రం అమ్మ చేసినట్టే
పచ్చాకూ ఊకా కొబ్బరి డొక్కలూ పోగేసి,
మొదలు తనదేనన్నట్టు సరిగ్గా దాని పక్కనే,
మంట లేవనివ్వకుండా పొగ పెట్టింది.
ఊక మోసింది నేను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.
పద్నాలుగు రాత్రులు
చొక్కాకీ అన్నానికీ కలకీ ఒకటే వాసన.

గాలిని మేం లెక్కలోకి తీసుకోలేదు.
ఆ నెలల్లో అది ఈశాన్యం నుంచే వస్తుంది,
అమిహాన్ అంటాం దాన్ని.
పంపకాల కాగితం దానికెవరూ చూపించలేదు.

డిసెంబరు సగానికి
క్రిస్పులో కొమ్మల చివర్లు ఉబ్బి, చిట్లి,
ఎర్రకాడల కంకులు ఆకును కప్పేశాయి.
ఈగలు. తేనె జిడ్డు. నేలంతా పసుపు రాలుడు.
సలూద్ వైపు
చిగురు. ఎర్రగా, మెత్తగా, సిగ్గులేకుండా.
చిగురేసిన కొమ్మ ఈ ఏడు పూయదు,
అది ముదరాలి, ఎండ తినాలి, మళ్ళీ ఫెళ్ళుమనాలి.
ఒకే మొదలు, ఒకే నీరు,
సగం చెట్టుకి నడివయసు, సగానికి పురిటిరంగు.

ఆవిడ తిట్టలేదు. బూడిద ఎత్తి మొదట్లో పోసింది.
ఎందుకని అడిగితే
"ఇంకెక్కడ పొయ్యను?" అంది.

పిందెలు కోడిగుడ్డంత అయ్యాక
క్రిస్పులో నిచ్చెన తెచ్చుకుని
కాయకో పాత పేపరు తొడుగు కట్టాడు, మూడు రోజులు.
నాలుగో రోజు దిగి,
తొడుగు పడని నాలుగు కాయలు ఆవిడ గుమ్మంలో పెట్టి
నాతో అన్నాడు, లోపలికి వినబడేట్టు:
"మీ మనాంగ్‌కి చెప్పు.
వచ్చేసారి నెగడు పదడుగులు వెనక్కి వేస్తే
పొగ ముందు తన కొమ్మల్లోంచే పోతుంది కదా."

లోపల కత్తి చప్పుడు.
పచ్చి ముక్కలు, పక్కన ఉప్పు రొయ్యల ముద్ద,
రెండు పళ్ళేలు బయటికొచ్చాయి.
రెండోది నాదనుకుని చెయ్యి చాపాను.
చేతి మీద ఒక్కటిచ్చింది.