తలుపు బందు

సులైబియాలో నాలుగింటికే బకెట్లు మోగుతాయి.
పొడిపాలు కలిపేది నేను, నాగముని,
రబ్బరు చన్ను నోటికి అందించేది నేను.
నూట పది దూడలు, నూట పది ప్లాస్టిక్ గూళ్ళు,
కింద సిమెంటు, రోజూ కడిగే సిమెంటు.
మన్ను అన్నది కంటికి కూడా ఆనదు.

నలభై రెండో నంబరు పెయ్యకి ఆరు వారాలు.
ఈడుదాని పక్కన నిలబెడితే చెల్లెలనుకుంటారు.
ఛాతీ చుట్టూ టేపు వేస్తే
పోయిన వారం అంకే.
మొన్న దగ్గు, అంతకు ముందు పారుడు.
పక్క గూటికి వచ్చిన జబ్బు
దీని దగ్గరికి అడక్కుండానే వచ్చి కూర్చుంటుంది.

డాక్టర్ ఇద్రీస్, సూడాను మనిషి,
కింది రెప్ప బొటనవేలితో లాగి చూపించాడు.
ఎర్రగా ఉండాల్సిన చోట
బియ్యం కడుగు రంగు.
"పాలల్లో అన్నీ ఉన్నాయి, ఇనుమే చాలదు.
అది లేకపోతే ఒంట్లో కాపలావాళ్ళు
ఉత్త చేతుల్తో నిలబడతారు" అన్నాడు,
కొంత తన హిందీలో, కొంత నా హిందీలో,
మిగతాది చేతుల్తో.

సంబేపల్లెలో దూడ మన్ను తింటే
మూతికి చిక్కం కట్టేవాళ్ళం.
నేనే కట్టాను, ఎన్నిటికో.
కడుపులో పురుగులు పడతాయనేవాళ్ళు, అదీ నిజమే.
ఆ ఎర్రమన్నులో అవి ఏం వెతుక్కునేవో
ఎవరం అడగలేదు.

ఇది రోజంతా గేటు నాకుతుంది.
పాత ఇనుప గేటు, పై బందు తుప్పు పట్టి
నారింజ పొడి రాలుతుంది.
పాలు సగంలో వదిలేసి మరీ అక్కడికే నాలుక.
"తుప్పు ఒంటికి పట్టదు తల్లీ" అని ఇద్రీస్
మెడ మీద తోలు ఎత్తి
డికాక్షన్ రంగు మందు ఎక్కించాడు.

బుధవారం తనిఖీ.
ఫోర్మన్ సాబిర్ పచ్చరంగు డబ్బా నా చేతిలో పెట్టాడు:
తుప్పు అన్నది కనబడకూడదు.
ఒక్కో గేటూ వేసుకుంటూ
దీని గేటు దగ్గరికొచ్చేసరికి మాపటేళయింది.
కుంచె పై బందు దాకా వెళ్ళి ఆగింది.
పట్టదని తెలుసు. నేను విన్నాను కదా.
దానికి తెలీదు.

రంగు అయిపోయిందని సాబిర్‌కి చెప్పాను.
డబ్బాలో సగం ఉంది.

మూడు వారాలకి రెప్ప లాగి చూశాను.
లేత గులాబీ.
టేపు నాలుగు వేళ్ళు జరిగింది.
మెడ విదిలించుకుని, నన్ను కుమ్మి,
బకెట్ అడుగు దాకా తాగింది.
బందు వైపు చూశాను.
పొడిగా ఉంది, పైన ఇసుక దుమ్ము పేరుకుని.

రేపు రంగు వెయ్యాలి.