సుద్దగీత

వెనక సీటు సగానికి సుద్దముక్కతో గీత గీశాడు లోవరాజు.
"ఇక్కడికి కోసేద్దాం సార్.
నడిపేది మీరొక్కరే, రెండో మనిషికి చోటెందుకు?"

అల్లిపురం సందులో అతని షెడ్డు,
మూడు బళ్లు పట్టే చోట ఏడు బళ్లు.
రేట్ల బోర్డు లేదు, అంతా నోటిలెక్కే:
అలాయ్ చక్రాలింత, ముందు డిస్కు బ్రేకింత,
పన్నెండు వోల్టుల వైరింగింత,
ట్యాంకుకి మెరుపులేని నలుపింత.
"ఆపైన బీచ్ రోడ్డులో కుర్రోళ్లు తల తిప్పి చూడకపోతే
నా పేరు మార్చేసుకుంటాను."

వారం గడువడిగి వచ్చేశాను.

ఎనభై రెండు నాటి యెజ్డీ.
కిక్కు కొట్టిన కడ్డీనే మడిస్తే గేరు.
మా పోర్టాఫీసులో నూకరాజు లాగ,
పొద్దున్న తాళం తీసేదీ అతనే
రోజంతా ఫైళ్లు మోసేదీ అతనే.

అమ్మినాయన ప్రకాశరావు, జ్ఞానాపురం.
షిప్‌యార్డులో వెల్డరు చేసి
మోకాళ్లు అరగదీసుకున్న మనిషి.
డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని
గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు,
నేను కిక్కు కొడుతుంటే వేళ్లు మడుస్తూ.
ఒకటి. రెండు.
"మూడోదానికి లేస్తాది. తిట్టకండి."
మూడోదానికి లేచింది.
ఆయన లేవలేదు.
పొగ పోయేదాకా అటే చూశాడు.

లోవరాజు మాట కొట్టిపారెయ్యలేను.
మొన్న సింధియా దగ్గర
కంటైనర్ లారీ ఉన్నపళంగా ఆగితే
రెండు బ్రేకులూ నొక్కి, చెప్పులు రోడ్డుకి రాసి
జానెడు దూరంలో ఆగాను.
లారీ వెనక వేలాడుతున్న ఎండు నిమ్మకాయ
నా హెడ్‌లైటు అద్దాన్ని టిక్కుమని తట్టింది.
ఆ హెడ్‌లైటూ అంతంతే.
వాన రాత్రి కాన్వెంట్ జంక్షన్‌లో
అది రోడ్డుని చూపించదు,
తానున్నానని మాత్రం చెప్తుంది.

ఆదివారం పక్కమూత విప్పాను,
అసలు రూపం ఎంత మిగిలిందో చూద్దామని.
ఎరుపు కింద పచ్చ, పచ్చ కింద ఇంకేదో నీలం.
ఫ్రేము అడుగున ఒక అతుకు:
బండికి అక్కర్లేనంత మందం రేకు,
ఏ ఓడలో మిగిలిన ముక్కో,
చుట్టూ చీమలబారులా వెల్డింగు.
నేను ముట్టుకోకూడదనుకున్నదాన్ని
ప్రకాశరావు ఎన్నిసార్లు ముట్టుకున్నాడో.
ఆయనకంటే ముందునుంచీ ఉప్పుగాలి.
ఈ ఊళ్లో ఏ బండికైనా తొలి మెకానిక్కు సముద్రమే,
మజూరీ అడగదు, పని ఆపదు.
క్రోమియం పొక్కుని గోటితో గీరితే
కాఫీ పొడిలా రాలింది.

మూత బిగించి యారాడ కొండెక్కాను,
రెండో గేరులో, నీలం పొగ వదుల్తూ.
మలుపు తిరగ్గానే కింద హార్బరు,
బొగ్గు కుప్పలు, ఓపిగ్గా నిలబడ్డ ఓడలు.
ఇంజను వేడి మోకాళ్లకి తగులుతోంది.
ఆ పది నిమిషాలూ
ఒక్క పార్టు పేరు కూడా గుర్తురాలేదు నాకు.

తిరిగి దిగబోతుంటే ఒకాయన చెయ్యెత్తాడు.
చంకలో చుట్టిన వల, మోకాళ్లపైకి కట్టిన లుంగీ.
"మల్కాపురం దాకా, బావూ."
ఎక్కి, నా భుజం పట్టుకుని, దారంతా
ఇంజను గొంతుకి పోటీగా ఏదో చెప్పాడు.
సగమే వినబడింది.
వాళ్ల బావకి ఇలాంటిదే ఉండేదట.
అమ్మేశాడో, ఎవరికైనా ఇచ్చేశాడో తెలియలేదు.
దిగి వెళ్తుంటే
అతని లుంగీ మీద తెల్లటి అడ్డగీత.
సీటు మీద లేదు.

"ఏటి సార్, చెరిపీసారా?" అన్నాడు లోవరాజు.
"మళ్లీ గియ్యనా?"
"బ్రేకు మార్చు. డిస్కే వెయ్యి, ఫర్లేదు."
"మరి సీటు?"
"సీటు జోలికెళ్లకు."
"లైటో?"
లైటు సంగతి నేనింకా ఏమీ అనుకోలేదు.
కాస్సేపు చూసి, సుద్దముక్క చెవి మీద దోపుకుని
పదమూడో నంబరు స్పానర్ వెతుక్కుంటూ
లోపలికి పోయాడు.