ముప్పై ఎనిమిది

కుషాయిగూడల మా సెల్లార్‌కి పొద్దు రాదు.
ఆదివారం తొమ్మిదింటికి కూడా
ట్యూబులైటు వేసుకొని కూర్చోవాలె.
నాలుగో పిల్లర్‌కి ఆనుకొని
ఎనిమిది నెలలుగా నా మట్టిదారుల బండి.
టైరు గాడిల ఇంకా అనంతగిరి ఎర్రమట్టి,
బిస్కెట్ లెక్క గట్టిపడి.

మూడుసార్లు చార్జ్ పెట్టిన.
మూడుసార్లూ ఎనిమిదో నాటికి చచ్చింది.
కొత్త బ్యాటరీ కొనుండ్రి సార్, అన్నడు వాచ్‌మన్ బాలనర్సు.
కొన్న. నాలుగు రోజులకే దానికీ నీరసం.
తాళం తీసి నేను లిఫ్ట్ ఎక్కినంక
ఏదో తాగుతున్నది దీన్ని.

సీటు ఇప్పిన. పది నంబరు స్పానర్.
ముందు నెగెటివ్, ఎప్పుడైనా ముందు నెగెటివే.
అక్క చెప్పిన మొదటి పాఠం అది,
నాకప్పుడు పదకొండేండ్లు,
ఆమె ఒళ్లో పొట్ట విప్పిన ఆటో బ్యాటరీ డబ్బా.
నల్ల వైరుకి, బ్యాటరీ కొసకి నడుమ
మీటర్‌ను వరుసల నిలబెట్టిన.
ముందు పది ఆంపుల గాడిల, తర్వాత మిల్లీలల్ల.
ఈ టైంల మరిచిపోయి తాళం తిప్పితే
మీటర్ ఫ్యూజు ఎగిరిపోతది,
అందుకే తాళం పైన, ఫ్రిజ్ మీద.

ముప్పై ఎనిమిది.

ఒకటుంటే ఊకుందును. రెండైనా సర్దుకుందును.
పండుకున్న బండికి ముప్పై ఎనిమిది ఎందుకు?
గడియారం కూడా లేని బండి.
ఒక్కొక్క ఫ్యూజు పీకిన, అంకె కదలలే.
పెద్ద ఫ్యూజు పీకినా అదే అంకె, అదే మొండితనం.
అంటే ఫ్యూజుల లెక్కకు రాని తీగ ఏదో
నేరుగా బ్యాటరీనే పట్టుకొని ఉన్నది.

చిన్న టార్చ్ పండ్ల నడుమ పెట్టుకొని
ట్యాంకు కిందికి చెయ్యి దూర్చితే
ఎడమ భుజం ఉలిక్కిపడ్డది,
అండ్ల ఒక ప్లేటు, ఆరు మరలు.
వేళ్లకు తగిలింది సన్నని ఎర్రతీగ.
దాని కొసన అగ్గిపెట్టెంత నల్లడబ్బా,
నీలం చుక్క,
ఆగి ఆగి వెలుగుతున్నది.

దొంగ ఎవడో పెట్టిండనుకున్న.
అతుకు మీది తొడుగు గోరుతో జరిపి చూసిన.
టంకం. ఆవగింజంత గుండ్రం, మెరుపు పోలే,
తీగ పోగు ఒక్కటి బయటికి లేదు.
చర్లపల్లిల పందొమ్మిదేండ్లు
బోర్డుల మీద వంగిన మెడ పెట్టిన టంకం అది.
పట్నమంతా తిరిగినా ఇంకొకరు అట్ల పెట్టరు.

కనెక్టర్ ఊడదీసి ఫోన్ చెయ్యబోయిన.
ఆమెదే వచ్చింది. హలో లేదు.
"ఇప్పుడే తెంపినవా?"

పగిలిన ఫోను పక్కన పెట్టుకొని
లోయల నేను రెండు గంటలు పడి ఉన్న సంగతి
ఆమె ఎన్నడూ ఎత్తలే.
నేను ఆస్పత్రిల ఉంటే
బండిని ట్రాలీల తెచ్చింది ఆమెనే.
అప్పటి సంది కదలని ఒక చుక్కకు
నెలనెలా రీచార్జ్ చేస్తున్నది.

"బ్యాటరీ పోయిన ప్రతిసారి మెసేజ్ వస్తది.
లేచిన ప్రతిసారి కూడా.
నాలుగుసార్లు లేపినవు."

నేనేం అనలే.
పైన ర్యాంప్ మీద ఎవరిదో కారు ఎక్కుతున్నది.

"ఎంత చూపిస్తున్నది?"
"ముప్పై ఎనిమిది."
"అబద్ధం. నాది ఇరవై దాటదు. మీటర్ చూడు."

చూసిన.
డబ్బా ఊడినంక కూడా
అంకె పద్దెనిమిది కాడ ఆగింది.

"అది నా మీద ఎయ్యకు," అన్నది.
"రెక్టిఫయర్ కప్లర్ ఇప్పు. ఇప్పి చెప్పు."
పెట్టేసింది.

డబ్బాను అంగీ జేబుల ఏసుకున్న.
లోపలి కొద్దిపాటి చార్జ్‌తోని
గుడ్డ కింద నీలంగా వెలుగుతనే ఉన్నది.
స్పానర్ తెచ్చుకోను ఆ మూలకు నడిచిన,
ఆడ, ఆమె ఫోన్‌ల, ఇంత దూరం కనవడ్తదో లేదో.

మళ్ల మోకాళ్ల మీద కూర్చున్న.
ఇంకా పద్దెనిమిది.